వినేవాళ్లకూ ఓ గది కావాలి

సంపాదకుడు గారికి,

నేను కవయిత్రిని కాను. పాడను, వాయించను. మన విశాఖలో నెలనెలా జరుగుతున్న కవితా పఠనాలకు వెళ్లి వెనక వరసలో కూర్చుని వినేదాన్ని. శ్రోతల తరఫున ఉత్తరాలు రాసేవాళ్లు తక్కువ కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

కొంతకాలంగా ఊళ్లో కొందరు కుర్రాళ్లు, ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు కలిసి నెలకో ఆదివారం సాయంత్రం ఇక్కడి కవులను పిలిచి చదివిస్తున్నారు. పక్కన వయొలినో, మృదంగమో, గిటారో, ఎవరు దొరికితే వారు. టికెట్ లేదు. పేరున్న కవా కాదా అని ఎవరూ అడగరు. పోర్టులో పనిచేసే ఆయన వస్తారు, గాజువాక నుంచి ఓ నర్సు వస్తుంది, యూనివర్సిటీ హాస్టల్ పిల్లలు గుంపుగా వస్తారు. ఒకసారి జాలారిపేట కుర్రాడొకడు వేట నిషేధం మీద చదివాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు బోట్లు ఒడ్డునే ఉంటాయని మనకూ తెలుసు, చేపల ధర పెరిగినప్పుడు గుర్తొస్తుంది కూడా. అతను చదివింది ఆ రోజుల్లో వాళ్ల నాన్న ఏంచేస్తాడన్నది. చిరుగు లేని వలను కూడా విప్పి మళ్లీ అల్లుతూ కూర్చుంటాడట. ఇంట్లో మాట్లాడుకునే యాసలోనే రాశాడు, ఎక్కడా దిద్దలేదు. శ్రీశ్రీ పుట్టిన ఊరు, రావిశాస్త్రి వకీలుగా కోర్టుకెళ్లిన ఊరు అని ప్రతి సభలోనూ చెప్పుకుంటాం. మంచిదే, కాకపోతే ఆ మాట అయ్యేసరికి సభలో సగం సమయం అయిపోతుంది.

ఇంతకీ నా బాధ చోటు గురించి. ఒక నెల కాఫీ షాపు మేడమీద, ఇంకో నెల ఎవరిదో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, మరో నెల ట్యూషన్ సెంటర్‌లో. ఈసారి ఎక్కడన్నది ముందురోజు దాకా వాట్సాప్‌లో తేలదు. కాఫీ షాపులో కింద మిక్సీ తిరిగినప్పుడల్లా కవి ఆగాలి. పార్కులో పెడదామంటే మైకుకు రాతపూర్వక అనుమతి కావాలి, వాన వస్తే అదీ లేదు.

పెద్ద హాళ్లు లేవా అంటే ఉన్నాయి. సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం ఉంది, పిఠాపురం కాలనీలో కళాభారతి ఉంది, ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది. వాటి మీద నాకు ఫిర్యాదేమీ లేదు. కానీ నలభై యాభై మంది కూర్చునే సాయంత్రానికి అంత హాలెందుకు? అద్దె కట్టాలంటే చందాలు కావాలి. చందా ఇచ్చినాయనకు వేదికమీద కుర్చీ వెయ్యాలి. ఆ తర్వాత ముఖ్య అతిథి, గౌరవ అతిథి, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు. చివరికి కవికి రెండు నిమిషాలు మిగులుతాయి, అవీ ‘త్వరగా ముగించండి’ అనే చీటీతో కలిపి. ఇప్పుడు జరుగుతున్న వాటిలో ఇవేవీ లేవు. అందుకే నాలాంటివాళ్లం వెళ్తున్నాం.

సంగీతం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాన్ని అలంకారం అనుకునేవాళ్లే ఎక్కువ. మొన్నామధ్య ఒకమ్మాయి ముత్యాల సరాలనే ఛందస్సు నడకలో రాసుకొచ్చిన కవిత చదివింది. మృదంగం కుర్రాడికి ముందుగా కాగితం ఎవరూ ఇవ్వలేదు. రెండు పాదాలు విన్నాడు, మూడో పాదానికి అందుకున్నాడు. మూడూ నాలుగు, మూడూ నాలుగు మాత్రలుగా సాగే నడక కదా, కచేరీల్లో వాయించే మిశ్రచాపు తాళం లెక్కా అదే. 1910లో గురజాడ తొక్కిన ఆ దారి ఇరవయ్యేళ్ల కుర్రాడి వేళ్లకు అంత సులువుగా దొరకడం చూసి, ఇన్నేళ్లూ బళ్లో దాన్ని బల్లగుద్ది ఎందుకు నేర్పలేదా అనిపించింది.

వచన కవిత దగ్గరే చిక్కు. నిర్వాహకులు కోపగించుకోకపోతే ఒక మాట. దాని వెనక కీబోర్డు మీద సినిమా విషాద సంగీతం వేయించకండి. కవి ఇంకా చావు మాట ఎత్తకముందే కీబోర్డు ఏడుపు మొదలెడుతోంది. శ్రీకాకుళం వైపు నుంచి జముకుల కథ చెప్పే ఒకాయన వచ్చినప్పుడు ఇలా జరగలేదు. జముకు అంటే ఒకవైపు తోలు బిగించిన గుండ్రటి పాత్ర, ఆ తోలు మధ్యలోంచి తీసిన ఒక్క తంతి. పాత్రను చంకలో ఇరికించుకుని, తంతి చివర ఒక చేత్తో లాగిపట్టి, రెండో చేత్తో మీటుతారు. లాగే బిగువును బట్టి స్వరం ఎక్కుతుంది, దిగుతుంది. కవి చదువుతున్నంతసేపూ ఆయన ఊరుకున్నాడు. కవి ఊపిరి తీసుకున్నచోట మాత్రం రెండు మీటులు వేశాడు. గదిలో మైకే లేదు, అయినా వెనక వరసకు అన్నీ వినబడ్డాయి.

ఆ సాయంత్రం ఆయన చేతికి అందింది దారిఖర్చులూ భోజనమూ. అంతకుమించి ఇవ్వడానికి నిర్వాహకుల జేబులో లేదని తెలుసు. కవులు ఊరికే చదువుతారు, వాళ్లలో చాలామందికి ఏదో ఒక ఉద్యోగం ఉంది. జముకు వాయించేవాడికి జముకే ఉద్యోగం. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికీ, విశాఖ ఉత్సవ్‌కీ పెట్టే ఖర్చులో చిన్న వాటా నెలకు ఇద్దరు వాద్యకారుల పారితోషికానికి పక్కనబెట్టలేరా?

ఇక చోటు సంగతికి నాకు తోచిన దారి చెబుతాను. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఆస్తిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఇంటిపన్ను కాగితం తీసి చూస్తే కనిపిస్తుంది. జీవీఎంసీ, అంటే మన నగరపాలక సంస్థ, వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాల్సిన డబ్బు అది. అంటే పేటల్లో ఉన్న శాఖా గ్రంథాలయాలు మన డబ్బుతో నడుస్తున్న గదులే. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలని అక్కడే కవి సమ్మేళనాలు, పిల్లలకు వ్యాసరచన పోటీలు పెడుతుంటారు. ఆ వారంలో వీలయ్యేది మిగతా నెలల్లో ఒక్క ఆదివారం సాయంత్రం ఎందుకు కాదు?

ఒక అభ్యంతరం నిజమైనదే. ఆ గదుల్లో గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదువుకునే పిల్లలు కూర్చుంటారు. ఇళ్లలో చోటులేక వచ్చేవాళ్లు, వాళ్లకున్న టెన్షన్ చాలు, దానికి తోడు మృదంగం వద్దు. అందుకని పఠన సమయం అయ్యాకే గది ఇవ్వమంటున్నాం, లేదా వరండా అయినా చాలు. సిబ్బందికి ఆ అదనపు గంటలకు డబ్బు ఇవ్వాలి, అదీ న్యాయమే. తప్పెటగుళ్ల బృందాన్ని మాత్రం ఆ గదిలోకి పిలవబోమని ఇరుగుపొరుగుకు హామీ. గుండెలమీద రేకు తప్పెటలు కట్టుకుని వాళ్లు ఒక్కసారి గెంతితే పుస్తకాలు కూడా లేచి కూర్చుంటాయి. వాళ్లకు ఆరుబయలే అందం.

వేళ గురించీ ఆలోచించాలి. ఏడున్నరకు మొదలుపెడితే మగవాళ్ల సభ అయిపోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం వచ్చాక ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు టికెట్ ఖర్చు పోయింది, కానీ పెందుర్తికో మధురవాడకో రాత్రి బస్సు దొరకాలి కదా. నా పక్కన కూర్చునే ఆవిడ ప్రతిసారీ ఆఖరి ఇద్దరు కవులను వినకుండానే లేచిపోతుంది. కిందటి నెల ఆ ఆఖరి ఇద్దరూ ఆడవాళ్లే. అయిదున్నరకు మొదలుపెట్టి ఏడున్నరకు ముగించండి.

జిల్లా గ్రంథాలయ సంస్థ, జీవీఎంసీ అధికారులు ఈ నవంబరు వారోత్సవాల దాకా ఆగకుండా ఒక్క శాఖలోనైనా మొదలుపెట్టి చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. కుర్చీలు సర్దడం, అయ్యాక గది ఊడ్చడం, తాళం తిరిగి అప్పజెప్పడం మా శ్రోతల పని.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మర్రిపాలెం, విశాఖపట్నం