తాళం పగలగొట్టారని కంటెంప్ట్ అయిపోదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

కేరళలో ఆర్థడాక్స్, యాకోబైట్ వర్గాల మధ్య నడుస్తున్న మలంకర చర్చిల గొడవ గురించి పేపర్లో వచ్చినప్పుడల్లా మా పెరంబూరు వైపు తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఒకటే మాట, "చూశారా, వాళ్ళు కంటెంప్ట్ (కోర్టు ధిక్కారం) కేసు వేశారు, మన చర్చి ఆస్తి గొడవలో మనమూ వేసేస్తే ఆ అవతలి కమిటీవాళ్ళు నేరుగా జైలుకే" అని. చెన్నై ప్యారీస్ కార్నర్‌లో లాయర్ల దగ్గర గుమాస్తాగా చాలాకాలం చేసినవాణ్ణి, సంఘంలో సభ్యుణ్ణి కూడా, కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నా.

ముందు ఆ మలంకర కేసే చూడండి. 1934 నాటి సభా రాజ్యాంగం ప్రకారమే చర్చిల పాలన నడవాలని సుప్రీంకోర్టు 2017 జులై 3న తీర్పు ఇచ్చేసింది. అయినా ఆరు చర్చిల విషయం కేరళ హైకోర్టులో కంటెంప్ట్ దాకా పోయింది, కలెక్టర్లు స్వాధీనం చేసుకోవాలని 2024 ఆగస్టులో హైకోర్టు చెప్పింది, డిసెంబర్లో సుప్రీంకోర్టేమో యాకోబైట్ వర్గాన్ని ఆ ఆరింటి పాలన ఆర్థడాక్స్ వర్గానికి అప్పజెప్పమంది, తీరా 2025 జనవరిలో అదే సుప్రీంకోర్టు హైకోర్టు ఆర్డర్ పక్కనపెట్టి మళ్ళీ మొదట్నుంచి చూడమని వెనక్కి పంపింది. తీర్పు చేతిలో ఉన్నవాళ్ళకే ఇన్ని తిప్పలుంటే, తుది తీర్పుకి ముందు వచ్చే ఒక మధ్యంతర ఆర్డర్ పట్టుకుని మనవాళ్ళు ఎగరడం ఏంటో నాకర్థం కాదు.

1971 కోర్టు ధిక్కార చట్టంలో సివిల్ కంటెంప్ట్ అంటే కోర్టు మాటను కావాలని, తెలిసి తెలిసి మీరడం. ఆ "కావాలని" అన్నదగ్గరే సగం కేసులు పడిపోతాయి. ఇది మామూలు సివిల్ దావాలా ఎవరి వైపు మొగ్గు ఎక్కువుందా అని చూసే వ్యవహారం కాదు, దాదాపు క్రిమినల్ కేసులాగే అనుమానానికి తావు లేకుండా రుజువు చేయాలి. ఆర్డర్‌కి రెండు అర్థాలు వస్తే, అవతలివాళ్ళు నిజంగానే రెండో అర్థం నమ్మి చేశామని చూపించగలిగితే, తప్పించుకుపోతారు.

మా దగ్గర ఎక్కువగా వచ్చేది స్టేటస్ కో ఆర్డర్. ఉన్నది ఉన్నట్టే ఉంచమని జడ్జిగారు ఒక్క లైన్ రాస్తారు. సరే, ఆ రోజు వెస్ట్రీ గది (చర్చిలో పాస్టరు గారి గది) తాళంచెవి ఎవరి దగ్గరుంది? చర్చి ముందున్న షాపుల అద్దె రసీదు ఎవరి సంతకంతో వెళ్తోంది? గేటు మీద బోర్డు ఏ పేరుతో ఉంది? ఇవేవీ కాగితం మీద లేకపోతే, రేపు తాళం మార్చేశారని మీరంటే "ఆ తాళం ముందునుంచీ మాదే" అని వాళ్ళంటారు, జడ్జిగారు ఎవర్ని నమ్మాలి చెప్పండి? అందుకే ఆర్డర్ వచ్చిన వారంలోనే అడ్వకేట్ కమిషనర్‌ని, అంటే చూసి రిపోర్ట్ ఇవ్వడానికి కోర్టు పంపే లాయర్ని, వేయమని పిటిషన్ పెట్టుకోవాలి, ఆయన వచ్చి ఫోటోలు తీసి రిపోర్ట్ ఇస్తే అదే పునాది. దానికయ్యే ఫీజు దగ్గర మన పెద్దలు బేరాలాడతారు, క్రిస్మస్ షామియానాకి మాత్రం ఆడరు!

ఇంకోటి, ఆర్డర్ వాళ్ళకి తెలుసని రుజువు కావాలి. ఆదివారం ఆరాధన అయ్యాక మైకులో చదివి వినిపించాం అంటే సరిపోదు. రిజిస్టర్డ్ పోస్ట్ అక్నాలెడ్జ్‌మెంట్, లేదా వాళ్ళ లాయర్ కోర్టులో హాజరై ఉన్నట్టు రికార్డు, అలాంటివి ఉండాలి. అలాగే వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చిన వీడియో ఉంటే చాలనుకోకండి, తీసిన మనిషి, తీసిన ఫోన్ ముఖ్యం, కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కూడా అడుగుతారు.

పైగా సిటీ సివిల్ కోర్టు ఇచ్చిన ఇంజంక్షన్ (ఫలానాది చేయొద్దన్న ఆర్డర్) మీరితే ముందు వెళ్ళాల్సింది ఆ కోర్టుకే, సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 39 రూల్ 2ఏ కింద. అక్కడ ఆస్తి జప్తు, మూడు నెలల వరకూ సివిల్ జైలు ఉన్నాయి. దాన్ని వదిలేసి నేరుగా హైకోర్టుకి పరిగెడితే మామూలుగా "అక్కడికే వెళ్ళండి" అంటారు, ఈలోగా ఒక సంవత్సరం గడువు దాటిపోతే కంటెంప్ట్ దారి కూడా మూసుకుపోతుంది. గడువులోనే వేసి అన్నీ రుజువైనా, గరిష్టం ఆరు నెలల జైలు, రెండు వేల జరిమానా, అదీ కోర్టుకి నచ్చేలా క్షమాపణ చెప్తే వదిలేయొచ్చు. ఆస్తి ఎవరిదన్నది మాత్రం అందులో తేలదు, దానికి అసలు దావా నడవాల్సిందే.

మీ విలేకరులకి ఒక్క మనవి. చర్చి ఆస్తి కేసు వార్త రాసేటప్పుడు "కోర్టు ధిక్కారం" అని పెద్దక్షరాల హెడ్డింగ్ ఒక్కటే కాకుండా, ఏ కోర్టు, ఏ తారీఖున, సరిగ్గా ఏం చేయొద్దంది అన్న ఆ రెండు లైన్లు కూడా వేయండి. మావాళ్ళు హెడ్డింగ్ కత్తిరించుకుని లాయర్ దగ్గరకి వస్తున్నారు.

ఇట్లు,
ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై