బడి గోడ గురించి పెదనాన్న గారికి

ఫిలడెల్ఫియా నుంచి

పూజ్యులైన పెదనాన్న గారికి నమస్కారములు.

ఇక్కడ మేమందరం క్షేమం. పెద్దమ్మ మోకాళ్ల నొప్పి కొంత తగ్గిందని తలుస్తాను. మొన్న ఫోనులో మీరు మాటల మధ్య, విశాఖ వన్‌టౌన్‌లో మన వీధి చివరనున్న మునిసిపల్ బడి ప్రహరీకి బొమ్మలు వేయించాలని వీధి సంఘం వారు అనుకుంటున్నారనీ, ఒక కాంట్రాక్టరు వచ్చి చదరపు అడుగుకు రేటు కూడా చెప్పి వెళ్లాడనీ అన్నారు. అప్పుడు దాని గురించి ఎక్కువసేపు మాట్లాడుకోలేకపోయాము. ఆ సంగతి మీద నాకు చెప్పవలసింది చాలా ఉన్నందువల్ల ఈ ఉత్తరం రాస్తున్నాను. కాంట్రాక్టరుకు ఇంకా అడ్వాన్సు ఇవ్వకపోయి ఉంటే, దయచేసి దీన్ని వచ్చే సమావేశంలో అందరికీ చదివి వినిపించండి.

నా మనవి ఇది. ఆ గోడను కాంట్రాక్టరుకు అప్పగించవద్దు. దాని మీద ఏముండాలో వీధి వారు కూర్చుని తేల్చుకోవాలి, వేసే పనిలో బడి పిల్లల చేతులు ఉండాలి, గోడ పూర్తయిన తరవాత ఆ బడిలో వారానికి ఒక పూటైనా చిత్రలేఖనం తరగతి నిలిచి ఉండాలి. ఈ మూడింటిలో మూడవది దక్కకపోతే మొదటి రెండింటికీ పడిన శ్రమలో సగం వృథా అవుతుందని నా నమ్మకం.

నేను ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఈ ఊరే. ఫిలడెల్ఫియాలో ఇప్పటికి నాలుగు వేలకు పైగా గోడ చిత్రాలు వేశారు. 1984లో, విల్సన్ గూడ్ మేయరుగా ఉన్న కాలంలో, కనబడిన ప్రతి గోడ మీదా స్ప్రే రంగులతో పేర్లు గీసే కుర్రాళ్లను ఆ పని మాన్పించడానికి నగరం ఒక కార్యక్రమం మొదలుపెట్టి, జేన్ గోల్డెన్ అనే చిత్రకారిణిని అందులో నియమించింది. ఆ కుర్రాళ్లలో చాలామందికి గీత మీద పట్టు ఉందని ఆమె గమనించి, పోలీసులకు దొరికితే శిక్ష పడే చేతుల చేతనే పెద్ద పెద్ద చిత్రాలు వేయించారు. 1996లో ఆ పని మ్యూరల్ ఆర్ట్స్ అనే పేరుతో విడిగా ఒక సంస్థగా నిలబడింది. నగరపాలన ఇచ్చే డబ్బు, దాతలు ఇచ్చే డబ్బు రెండూ కలిపి అది నడుస్తుంది. అంతకు చాలా ముందే, 1959లో, ప్రజాధనంతో కట్టే కట్టడాల ఖర్చులో నూటికి ఒక వంతు వరకు కళకు కేటాయించాలని అమెరికాలో మొట్టమొదట చట్టం చేసినది కూడా ఈ నగరమే.

అయితే మీరు తెలుసుకోవలసినది ఆ నాలుగు వేల లెక్క కాదు, ఒక్కొక్క గోడ తయారయ్యే పద్ధతి. బొమ్మకు ముందు సమావేశాలు జరుగుతాయి. పేటలోని బడిలోనో, చర్చి కింది హాలులోనో, గ్రంథాలయంలోనో సాయంత్రం పూట చిత్రకారుడు వచ్చి కూర్చుంటాడు. ఈ వీధిలో ఎవరు ఉండేవారు, ఏ పనులు చేసేవారు, దేనికి సంతోషించారు, దేనికి ఏడ్చారు అని అడుగుతూ రాసుకుంటాడు. తరవాత నమూనా గీసి తెస్తాడు. అది చూసి జనం కాదంటారు. మార్చి మళ్లీ తెస్తాడు. ఒకప్పుడు నూలు, ఉన్ని మిల్లులతో నిండిన పేట ఒకటి ఇక్కడ ఉంది. అక్కడి సమావేశానికి నేనూ ఒకసారి వెళ్లాను. నమూనాలో మూతపడిన మిల్లు కట్టడాన్ని ఎంతో అందంగా గీశారు. ఒక వృద్ధుడు లేచి, మిల్లు ఉంది గాని అందులో పనిచేసినవారు ఎక్కడ అని అడిగారు. హాలులో కొంతసేపు వాదన జరిగింది. తరవాతి నమూనాలో పనివారు వచ్చారు, వారిలో ఆడవారు కూడా ఉన్నారు. కాంట్రాక్టరు రేటులో ఆ వృద్ధుడి ప్రశ్నకు చోటు ఉండదు, పెదనాన్న గారూ. అందువల్లనే నేను సమావేశాలను ఖర్చుగా గాక పనిలో ముఖ్యభాగంగా చూడమంటున్నాను.

నమూనా ఖాయమయ్యాక దాన్ని గోడ మీద నేరుగా వేయరు. పారాచూట్ గుడ్డ అని పిలిచే ఒక పలుచని బట్టను సుమారు ఐదడుగుల చదరాలుగా కోసి, ప్రతి ముక్క మీద గీతలు దించి, ఏ గడిలో ఏ రంగో అంకెలు వేస్తారు. ఆ ముక్కలు బల్లల మీదికి వస్తాయి గనుక నిచ్చెన ఎక్కలేని ముసలివారు, పసిపిల్లలు, ఆసుపత్రిలో ఉన్నవారు, చివరికి జైలులో ఉన్న ఖైదీలు కూడా వాటికి రంగులు వేయగలుగుతారు. తరవాత చిత్రకారుడూ అతని సహాయకులూ వాటిని జిగురుతో గోడకు అతికించి, అతుకులు కనబడకుండా సరిదిద్దుతారు. అలాంటి ఒక శనివారం నేనూ మా అమ్మాయీ ఒకే బల్ల దగ్గర కూర్చుని రంగులు వేశాము. అది ఇప్పటికీ ఆ వీధిలో వెళ్తున్నప్పుడు తాను వేసిన నీలం ముక్క ఎక్కడుందో చూపిస్తుంది. గడులు గీసి చిన్న బొమ్మను పెద్దది చేసే ఈ విద్య మన వీధి ఆడవారికి కొత్తది కాదు. సంక్రాంతికి ఇరవై ఒక్క చుక్క పెట్టి వీధంత ముగ్గు తప్పులేకుండా వేసే చేతులకు గోడ మీద గడులు గీయడం అంతకంటె కష్టమేమీ కాదు.

అన్నీ మంచివే చెబితే మీరు నన్ను నమ్మరు. బొమ్మ వేసినంత మాత్రాన పేదరికం పోలేదు. చిత్రాలతో పేరు పొందిన కొన్ని పేటల్లో ఇళ్ల అద్దెలు పెరిగి, పాత కాపురస్తులు ఊరి చివరలకు వెళ్లిపోయారు. పక్కన ఖాళీగా ఉన్న స్థలంలో కొత్త కట్టడం లేచి, చిత్రం పూర్తిగా మూసుకుపోయిన చోట్లు కూడా ఉన్నాయి. అంచేత గోడను శాశ్వతమని అనుకోకూడదు. దాని చుట్టూ నేర్చుకున్నది నిలబడాలి. ఈ ఊరు ఆ సంగతిని గోడ చిత్రాల కంటె ఎంతో ముందే గ్రహించింది. ఉన్ని వ్యాపారుల కుటుంబానికి చెందిన శామ్యూల్ ఫ్లైషర్ 1898లో దక్షిణ ఫిలడెల్ఫియాలోని వలస కార్మికుల పిల్లలకు ఉచితంగా బొమ్మలు నేర్పే తరగతులు ప్రారంభించారు. 1944లో ఆయన మరణించాక కూడా ఆ బడి సాగేలా తన ఆస్తిని రాసిపోయారు, అది నేటికీ నడుస్తోంది. 1908లో ఇద్దరు యువతులు ఇదే ప్రాంతంలో ఐదు సెంట్లకు ఒక పియానో పాఠం చొప్పున చెప్పడం మొదలుపెట్టగా, అది సెటిల్‌మెంట్ మ్యూజిక్ స్కూలు అనే పెద్ద సంగీత పాఠశాలగా ఎదిగింది. ఉచితంగా లేదా నామమాత్రపు రుసుముతో, ఇంటికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఏళ్ల తరబడి ఆగకుండా జరిగే తరగతి ఎంత పని చేస్తుందో ఈ రెండింటిని చూశాక నాకు తెలిసింది.

ఇక మన ఊరి సంగతి. ఇదంతా డబ్బున్న దేశంలో జరుగుతుంది, మనకెక్కడ అని సంఘంలో ఎవరైనా అనవచ్చు. దానికి నా జవాబు మన రాజ్యాంగంలోనే ఉంది. 74వ సవరణ ద్వారా 1993లో అమలులోకి వచ్చిన పన్నెండవ షెడ్యూలులో, పురపాలక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలలో సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాల పెంపు 13వ అంశంగా ఉంది. అంటే డ్రైనేజీ గురించి, వీధి దీపాల గురించి వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చినట్లే, బడిలో చిత్రలేఖనం గురించి కూడా అర్జీ ఇచ్చే హక్కు మీకుంది. బడిలోపలి అనుమతికి దారి ఇంకా దగ్గరది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడులలోని యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలి. ఆ కమిటీ మన వీధిలోనే ఉంది. సంఘం పెద్దలు తీర్మానం చేసి వారికి తెలియజేయడం గాక, మొదటి సమావేశాన్ని ఆ తల్లుల చేతనే పిలిపించండి. చేపల రేవు దగ్గర పని చేసే ఆడవారు పొద్దున రాలేరు గనుక వారికి వీలైన వేళ పెట్టండి.

బొమ్మ ఏమిటన్నది నేను చెప్పకూడదు. డాల్ఫిన్లు, లైట్‌హౌసు, జలాంతర్గామి మన గోడల మీద ఇప్పటికే చాలా ఉన్నాయన్నది మాత్రం చెబుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన నాడు ఎవరి ఇంట ఎవరు తలదాచుకున్నారో, టౌన్‌హాలు చుట్టుపక్కల ఒకప్పుడు ఏ దుకాణాలు ఉండేవో, పోర్టులో మీరు పనిచేసిన రోజుల్లో కూలీల పాటలు ఎలా ఉండేవో పిల్లలు ఇల్లిల్లూ తిరిగి అడిగి రాసుకుంటే, కాంట్రాక్టరు పుస్తకంలో లేని బొమ్మలు వాటంతట అవే వస్తాయి.

చిత్రకారుల కోసం దూరం పోనక్కరలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలితకళల విభాగం ఉంది. అక్కడి విద్యార్థులలో మన పేటల నుంచి వచ్చిన వారిని అడగండి. గోడను నడిపించే వ్యక్తికి పారితోషికం తప్పక ఇవ్వాలి, ఉచిత సేవ అని పిలిచి నెలల తరబడి పని చేయించుకోవడం న్యాయం కాదు. పిల్లలను ఒకనాడు ఏటికొప్పాక తీసుకువెళ్లండి. అంకుడు కర్రకు లక్క పట్టించి బొమ్మలు తీసే ఆ ఊరి పనికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సహజ రంగులను అక్కడ మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. పసుపు నుంచి, నీలిమందు నుంచి రంగు ఎలా దిగుతుందో కళ్లారా చూసిన పిల్లలకు పెట్టెలో కొన్న రంగు కూడా వేరుగా కనబడుతుంది. శ్రీకాకుళం వైపు సవర గిరిజనులు ఎర్రమట్టి పూసిన ఇంటి గోడ మీద బియ్యపు పిండితో వేసే చిత్రాలను కూడా వారికి చూపించండి. గోడ మీద బొమ్మ మన ప్రాంతానికి బయటినుంచి వచ్చింది కాదని అప్పుడు వారికే తెలుస్తుంది.

ఒక్క విషయంలో ఫిలడెల్ఫియా పద్ధతిని అలాగే అనుసరించవద్దు. మన ఉప్పుగాలికి సున్నం ఎలా పొరలుగా ఊడిపోతుందో మీకు తెలుసు. చెమ్మ పట్టిన గోడకు గుడ్డ అతికిస్తే రెండు వానాకాలాలు నిలుస్తుందో లేదో. టైల్సు దుకాణాలలో విరిగిపోయి పారవేసే ముక్కలను అడిగి తెచ్చి, వాటిని రంగుల వారీగా అతికి బొమ్మ కూర్చడం మేలని నాకు తోస్తుంది. మెరుగు పెట్టిన టైలును ఉప్పు అంత సులువుగా తినదు. వానల నెలల్లో బడి లోపల నమూనా పని చేసుకుని, తుపానుల కాలం దాటాక, సంక్రాంతి తరవాత గోడ పని ప్రారంభించండి. పాత గోడ గార ముందుగా చెక్కించి ఆరనివ్వాలి.

తరగతి గురించి మళ్లీ చెబుతున్నాను. నేను చదివిన బడిలో డ్రాయింగు పీరియడు లెక్కల సిలబసు పూర్తి చేయడానికి పోయేది. బొమ్మలు బాగా వేసే పిల్లలు మా తరగతిలోనే నలుగురైదుగురు ఉండేవారు, వారికి దారి చూపినవారు లేరు. దారులు అప్పుడూ కొన్ని ఉన్నాయి, ఇప్పుడు ఇంకొన్ని ఉన్నాయి. కేంద్ర సాంస్కృతిక శాఖ కింద పనిచేసే సీసీఆర్‌టీ సంస్థ 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు సంగీతం, నృత్యం, చిత్రకళ మొదలైన వాటిలో ఉపకారవేతనాలు ఇస్తుంది. 2015 నుంచి బడి పిల్లలకు కళా ఉత్సవ్ పోటీలు జిల్లా స్థాయి మొదలు జాతీయ స్థాయి దాకా జరుగుతున్నాయి. పాట మీద మనసున్న పిల్లలకు, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా 1919లో వెలసిన విజయనగరం సంగీత కళాశాల మనకు గంటన్నర దూరంలోనే ఉంది. ఈ వివరాలు ప్రైవేటు బడుల పిల్లలకు చేరినట్లు మునిసిపల్ బడి పిల్లలకు చేరడం లేదు. దరఖాస్తు నింపి, గడువు గుర్తుపెట్టుకుని పంపించే ఒక పెద్దమనిషి ప్రతి బడికీ కావాలి. మన బడికి ఆ పని మీరు చూడగలరా?

డబ్బు సంగతి. చిత్రకారుడి పారితోషికం, ఏడాది పాటు శనివారం తరగతి చెప్పేవారి వేతనం నేను ఇస్తాను. నేను భారత పౌరురాలినే గనుక నా సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న ఇక్కడి విశాఖ మిత్రులు కూడా ఇస్తామంటున్నారు గాని, విదేశీ విరాళాల నియంత్రణ చట్టమైన ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేని సంఘం వారి డబ్బు తీసుకోకూడదు, కోశాధికారి గారికి ఈ సంగతి చెప్పండి. నేను పెట్టే షరతు ఒకటే. తల్లిదండ్రులతో కనీసం రెండు సమావేశాలు జరిగి, వాటిలో ఎవరు ఏమన్నారో రాసిన కాగితం నాకు అందిన తరవాతే డబ్బు పంపుతాను.

గోడ పొడవు, ఎత్తు కొలిపించి పంపండి. ఏ వైపు సముద్రపు గాలి తగులుతుందో, మధ్యాహ్నం ఎండ ఎటు పడుతుందో కూడా రాయండి. హెడ్‌మాస్టరు గారు ఏమన్నారో తప్పక తెలియజేయండి. పెద్దమ్మకు నా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
మీ అమ్మాయి