ఆదివారం విన్న మాటలు ఫార్వర్డ్ చేయొద్దు

అందరికీ నమస్తే. ఆదివారం మీటింగ్‌లో మన గ్రూప్ అక్క ఒకరు కాపురంలో పడ్డ హింస గురించి మొదటిసారి నోరు విప్పారు. నడి ఎండాకాలంలోనూ పొడుగు చేతుల జాకెట్టు ఎందుకు వేసుకునేవారో ఆమె చెబుతుంటే, వెనక వరసలో ఓ చెల్లి "నాదీ అదే అక్కా" అని ఏడ్చేసింది. ఇన్నేళ్లూ తనొక్కదానికే ఇలా జరుగుతోందనుకుందట. బయటివాళ్లు ఎన్ని చెప్పినా, అనుభవించి గట్టెక్కినవాళ్ల మాటకున్న బలం వేరు.

ఒకటే విన్నపం. ఆ మాటలు ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు. "ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావ్?" అని దయచేసి అడగొద్దు.

కొట్టడమే కాదు, తిట్లు, అవమానాలు, ఇంటి ఖర్చుకు డబ్బులివ్వకపోవడం కూడా 2005 గృహహింస చట్టం ప్రకారం హింసే. ఇల్లు భార్య పేరు మీద లేకపోయినా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. మహిళల హెల్ప్‌లైన్ 181కి పగలైనా రాత్రైనా ఫోన్ చేయొచ్చు. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రంలో కౌన్సెలింగ్, లాయర్ సలహా, కొద్ది రోజులు తలదాచుకునే చోటు ఉచితం.

మాట్లాడాలనుకునేవాళ్లు నాకు విడిగా మెసేజ్ పెట్టండి. ఇంట్లో మీ ఫోన్ చూస్తారని టెన్షన్ ఉంటే మెసేజ్ వద్దు, నేరుగా మా ఇంటికి వచ్చేయండి.