చెరువు పనుల్లో చేపకూ చోటివ్వండి: నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. చెరువుల్లో పూడిక తీయడం, కట్టలు బలపరచడం, కలుజులకు (నిండిన చెరువు నీరు పొర్లిపోయే చోట్లకు) కాంక్రీటు పోయడం ఆయకట్టుకు కావాల్సిన పనులే. ఆ పనుల కొలతలు కొంచెం మారిస్తే చెరువు చేపలూ నిలబడతాయి. అది అడగడానికే ఈ లేఖ.

మన జిల్లాకు ముఖ్యమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తొలి వరద కలుజు మీద పొర్లగానే కింది వాగుల్లోని పరిగెలు, జెల్లలు, వాలుగలు గుడ్లతో ఎదురెక్కుతాయి. పాత కలుజుల వెనక వాలుగా పేర్చిన బండల సందుల్లో ఆగుతూ ఆగుతూ పైకి చేరడానికి వాటికి వీలుండేది. నిట్టనిలువు కాంక్రీటు గోడ, దాని కింద నున్నటి చప్టా కడితే పల్చగా, వేగంగా జారే నీళ్లలో చిన్న చేపకు పట్టు దొరకదు. అర మీటరు గోడ చాలు, దాన్ని ఆపేయడానికి. అక్కడ గుంపుగా నిలిచిపోయిన చేపను వలలతో, బుట్టలతో ఎత్తేస్తారు.

కలుజు మొత్తం మార్చనక్కర్లేదు. ఒక చివర రెండు మూడు మీటర్ల వెడల్పున బండల వాలు కట్టించండి. మీటరు ఎత్తుకు ఇరవై మీటర్ల పొడవు ఉండాలి. అంతకన్నా నిటారుగా కడితే నీటి వేగం పెరిగి, పెట్టిన ఖర్చు వృథా అవుతుంది. నడుమ నడుమ పెద్ద బండలు నిలిపితే వాటి చాటున చేప అలుపు తీర్చుకుంటుంది. వాలు పైఅంచున జానెడు లోతు గాడి వదిలి చెక్క పలకలు అమర్చాలి. వరద పొర్లుతున్నన్నాళ్లు పలకలు తీసి, వాన వెనకబట్టగానే దించితే రైతుకు నీరు తగ్గదు. తొలి వరద రోజుల్లో కలుజుకు అడ్డంగా వల కట్టనివ్వకూడదు.

పూడికతీతలో జరిగే నష్టం ఇంకా పెద్దది. లారీ సులువుగా వెళ్లేది శికం (చెరువు నీరు నిలిచే నేల) అంచుకే కాబట్టి పొక్లెయిన్‌లు అక్కడే నిలువుగా తవ్వుతాయి. కొరమీను గూడు కట్టేది సరిగ్గా అక్కడే, మోకాలి లోతు నీళ్లలో, గడ్డి నడుమ. దాని గుడ్లు నీటిమీద తేలుతాయి, తల్లీతండ్రీ కాపలా కాస్తాయి. ఇంగిలికాలు, మార్పులు అనే చేపలు కూడా అలాంటి లోతులేని చోట్లే వెతుక్కుంటాయి. అంచు గొయ్యి అయ్యాక ఇవి గుడ్లు పెట్టే చోటే ఉండదు. కాబట్టి అంచును పది మీటర్లకు ఒక మీటరు దిగేంత వాలుగా, గడ్డితో సహా వదలాలి. లోతు కావాలంటే కట్ట పునాదికి దూరంగా, చెరువు నడుమ తవ్వాలి. ఎండాకాలం చివరిలో రెండు మీటర్ల నీరు నిలిచే మడుగు ఒకటైనా మిగలాలి. కొరమీను, మార్పు, ఇంగిలికం గాలి పీల్చి బురదలోనైనా బతుకుతాయి. పరిగె, వాలుగ బతకలేవు.

ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, ముత్తుకూరు వైపు ఉప్పు సమస్య తోడవుతుంది. రొయ్యల గుంటల నీరు మంచినీటి కాలువల్లో కలిస్తే ముందు దెబ్బతినేది గుడ్డు, చేపపిల్ల. 1952లో దేశానికి తెచ్చిన తిలాపియా ఉప్పునూ తట్టుకుంటుంది, గుడ్లను నోట్లో పెట్టుకుని కాపాడుకుంటుంది. మిగతావి తగ్గేకొద్దీ అదే చెరువంతా నిండుతుంది. దిగుబడి టన్నుల్లో మాత్రం తగ్గినట్టు కనిపించదు. పెంపకానికి వదిలిన బొచ్చె, రాగండి చేపల తూకంలో చెరువు సొంత చేప ఎప్పుడు మాయమైందో తెలియదు. బొచ్చె, రాగండి పిల్లలు వదలడాన్ని మేము తప్పుపట్టడం లేదు. కానీ అవి చెరువు నీళ్లలో తమంతట తాము గుడ్లు పెట్టవు, ఏటా కొనాలి. పరిగెకు దారి, చోటు ఉంటే చాలు.

2017 చిత్తడి నేలల నిబంధనల్లో సాగునీటి కోసం కట్టిన చెరువులకు రక్షణ లేదు. అంటే ఈ చేపలకు దిక్కు మీరు మంజూరు చేసే పనుల అంచనాలే.

ఒకదాని నీరు ఇంకోదానిలోకి పారే గొలుసుకట్టులోని మూడు చెరువులతో మొదలుపెట్టండి. పనులకు ముందు మే నెలలో, వానల తర్వాత జనవరిలో మత్స్యశాఖ వారు కలుజు కింద, గడ్డి అంచున, తూము దగ్గర వేర్వేరు కళ్ల (రంధ్రాల) వలలు వేసి, ఏ జాతి, ఎన్ని, ఎంత పొడవు అన్నవి రాయాలి. అదే రోజు టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు కొలిచే) మీటరుతో నీటి ఉప్పదనం చూడాలి. జలవనరుల, మత్స్య, రెవెన్యూ అధికారులను టెండర్లకు ముందే ఒకచోట కూర్చోబెట్టండి. కలుజు పని సెప్టెంబరు దాటితే చేప ఎక్కే కాలం ఆ ఏటికి పోయినట్టే.

ఇట్లు,
చెరువు చేప మీద బతికేవాళ్లం, దాన్ని చదివేవాళ్లం,
నెల్లూరు జిల్లా