స్కూల్ బస్సు బోర్డు వెలగాలి: రవాణా శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి,

నమస్కారం. మా అమ్మాయి రోజూ తెల్లవారకముందే స్కూల్ బస్సు ఎక్కుతుంది. చలికాలం పొగమంచులో బస్సు దగ్గరికొచ్చి ఆగేదాకా దాని మీద రాసిన 'స్కూల్ బస్సు' అన్న అక్షరాలు ఎదురుచూస్తున్న నాకే కనిపించవు. ఇక వెనక నుంచి వేగంగా వచ్చే లారీ డ్రైవర్‌కి ఎలా కనిపిస్తాయి? అమ్మాయి ఎక్కి తలుపు పడేదాకా నాకు టెన్షనే.

బస్సుకి వేసే పసుపు రంగు పగలు బాగానే కనిపిస్తుంది. రిఫ్లెక్టర్ స్టిక్కర్లూ మంచివే, కానీ వాటికి సొంత వెలుగు లేదు. బండి హెడ్‌లైట్ పడితేనే మెరుస్తాయి. మలుపులో ఆ కాంతి పడేసరికే ఆలస్యమైపోతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటేస్తుంది. డ్రైవర్ చూసి బ్రేక్ మీద కాలు వేసేసరికే అంత దూరం అయిపోతుంది, బండి ఆగడం ఆ తర్వాతి సంగతి.

అందుకే బస్సు ముందూ వెనకా లోపలి నుంచి వెలిగే ఎల్‌ఈడీ బోర్డులు తప్పనిసరి చేయండి. వాటికి కరెంటు చాలా తక్కువ పడుతుంది, బస్సు బ్యాటరీయే సరిపోతుంది. ఆరుతూ వెలిగే ఎర్ర లైట్లు మాత్రం పిల్లలు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడే పనిచేయాలి. ఎప్పుడూ మెరుస్తూ ఉంటే జనం పట్టించుకోవడం మానేస్తారు. ఫిట్‌నెస్ పరీక్షలో ఈ బోర్డులు వెలుగుతున్నాయో లేదో కూడా చూడాలి. దుమ్ము పట్టి, సగం ఆరిపోయిన బోర్డు ఉన్నా లేనట్టే.

వచ్చే చలికాలంలోపు ఆదేశాలు ఇవ్వమని చేతులెత్తి కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి