సైకిల్ ట్రాక్ దాకా సైకిల్ మీద వెళ్ళే దారి ఏది?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం కాదు, అంతకు ముందు ఆదివారం మీ సిటీ పేజీలో ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) సైకిల్ ట్రాక్ ఫొటోలు వేశారు. పైన సోలార్ పలకలు, కింద వరసగా సైకిళ్ళు, హెల్మెట్లు పెట్టుకుని నవ్వుతున్న మనుషులు. హైదరాబాద్ సైకిళ్ళ నగరంగా మారుతోందని పక్కన రాశారు. ఆ రోజే మీకు ఉత్తరం రాద్దామనుకున్నాను. పరీక్ష పేపర్లు దిద్దాల్సి ఉండి ఆగాను. ఈలోపు గురువారం తెల్లవారుజామున మా వీధిలో పాల ప్యాకెట్లు వేసే అబ్బాయిని వెనక నుంచి కారు గుద్దేసింది. భుజం ఎముక విరిగింది. కారు ఆగలేదు. రోడ్డు మీద పారిన పాలను మా వాచ్‌మన్ బకెట్లతో నీళ్ళు పోసి కడిగాడు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

నేను లెక్కల టీచర్ని. మణికొండ నుంచి రాయదుర్గం వైపున్న మా స్కూలుకు పదిహేడేళ్ళుగా సైకిల్ మీదే వెళ్తున్నాను. పోను ఆరు కిలోమీటర్లు, రాను ఆరు.

ముందే చెబుతున్నాను, ఆ ట్రాక్ మీద నాకు కోపం లేదు. 2023 అక్టోబర్ 1న అప్పటి మంత్రి కేటీఆర్ ప్రారంభించిన వారంలోనే వెళ్ళి చూశాను. మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5. వెడల్పు 4.5 మీటర్లు. కప్పు మీద 16 మెగావాట్ల సోలార్ కరెంటు. నెత్తిన ఎండ లేదు, రాత్రిపూట లైట్లు ఉన్నాయి. ఇంత బాగా కట్టగల ఇంజినీర్లు మనకున్నారని నిజంగా గర్వపడ్డాను. నా బాధంతా అక్కడికి చేరే దారి గురించి. మా ఇంటి నుంచి నానక్‌రామ్‌గూడకు తొక్కుకుంటూ పోవాలంటే వాటర్ ట్యాంకర్లు, టిప్పర్లు, క్యాబుల మధ్య నుంచే పోవాలి. అందుకే అక్కడికి వచ్చేవాళ్ళు చాలామంది సైకిల్‌ను కారు వెనక బిగించుకుని వస్తారు, దించి తొక్కుతారు, మళ్ళీ బిగించుకుని పోతారు. వాళ్ళను తప్పు పట్టను, ప్రాణం ఎవరికైనా తీపే. కానీ కారు లేనివాడికి అందని ట్రాక్‌ను చూపించి ఊరంతా సైకిల్ నగరం అంటే ఎలా ఒప్పుకోవాలి?

పాలబ్బాయికి ఆ ట్రాక్‌తో ఏం పని? పొద్దున ఆరున్నరకు నాతోపాటు రోడ్డు మీద తొక్కేవాళ్ళు వాచ్‌మన్లు, తాపీమేస్త్రీలు, ఒడిశా నుంచీ బిహార్ నుంచీ వచ్చిన కూలీలు, వెనక క్యాన్ కట్టుకుని టీ అమ్మేవాళ్ళు, పేపర్ వేసే పిల్లలు. మీ పత్రిక మా గుమ్మంలో పడేది కూడా సైకిల్ మీద నుంచే. మీ ఫొటోల్లో వీళ్ళలో ఒక్కరూ లేరు.

యూటర్న్‌ల సంగతి కాస్త వివరంగా రాస్తాను, కార్లలో తిరిగేవాళ్ళకు ఇది తట్టదు కాబట్టి. ట్రాఫిక్ ఆగకూడదని నగరంలో ఎన్నో జంక్షన్లు మూసేసి ముందుకెళ్ళి తిరిగి రమ్మన్నారు. కారుకు రెండు నిమిషాల పని. నేను పోయేది రోడ్డుకు ఎడమ అంచున. యూటర్న్ ఉండేది కుడి అంచున. వెనక్కి తిరిగి చూసుకుంటూ, ఒక చెయ్యి చాపి, గంటకు 15 కిలోమీటర్ల వేగంతో, 60లో దూసుకొచ్చే కార్ల ముందు నుంచి మూడు వరసలు దాటాలి. తిరిగాక ఎడమ అంచుకు చేరడానికి మళ్ళీ మూడు వరసలు. ఇవతల నుంచి అవతలికి నేరుగా దాటనిస్తే అరనిమిషం పట్టదు. మేస్త్రీలు, వాచ్‌మన్లు రాంగ్ రూట్‌లో వస్తున్నారని అందరూ తిడతారు. వాళ్ళకు రూల్ తెలియక కాదు. ఎదురుగా వచ్చే బండి కనీసం కంటికి కనిపిస్తుంది, వెనక నుంచి వచ్చేది కనిపించదు. నేను కూడా రెండుసార్లు అలాగే వచ్చాను. ఆ మాట దాచను.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో సైకిల్ మీద వెళ్తున్నవాళ్ళు 4,800కు పైగా. రోజుకు 13 మంది. దెబ్బలు తగిలి బతికిన మా పాలబ్బాయి లాంటివాళ్ళు ఈ లెక్కలో లేరు.

మా స్కూల్లో ఒకప్పుడు సైకిల్ స్టాండు చాలక పిల్లలు ప్రహరీ గోడకు ఆనించి పెట్టేవారు. ఇప్పుడా షెడ్డులో వాటర్ క్యాన్లు పెడుతున్నారు. రెండు కిలోమీటర్ల దూరం నుంచి కూడా పిల్లలను కార్లలో దింపుతున్నారు. ఆ కార్లతో స్కూలు ముందు రోడ్డు నిండిపోతుంది, అది చూసి భయపడి ఇంకో నలుగురు తల్లిదండ్రులు పిల్లల చేత సైకిల్ మాన్పిస్తారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, "సార్, సైకిల్ మీద పంపమని మా నాన్నకు మీరైనా చెప్పండి" అని అడిగింది. ఏమని చెప్పను? నా కూతురైతే ఆ రోడ్డు మీదికి పంపేవాడినా? పంపను. ఆ పిల్లకు జవాబు చెప్పలేక క్లాసులోకి వెళ్ళిపోయాను.

మధ్యలో ఒకసారి మేం వెళ్ళే రోడ్డు అంచున గీత గీసి సైకిల్ బొమ్మ వేశారు. నెల తిరక్కుండానే దాని మీద కార్లు పార్క్ చేయడం మొదలైంది. తర్వాత కేబుల్ కోసం తవ్వారు, పూడ్చినప్పుడు గీత మళ్ళీ వేయలేదు. అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్తే తమ పరిధి కాదన్నారు. రోడ్డు ఒకరిదట, ఫుట్‌పాత్ ఇంకొకరిదట, తవ్వింది మూడోవాళ్ళట. మూడు చోట్లా తిరిగాను. చివరి చోట, "ఈ వయసులో ఇంకా సైకిలేంటి మాస్టారూ, ఒక బండి కొనుక్కోండి" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. జూన్ 3న ప్రపంచ సైకిల్ దినం అని జెండా ఊపడానికి వచ్చే అధికారులు, నాయకులు ఒక్క పనిదినం, పొద్దున తొమ్మిదింటికి, ముందూ వెనకా ఎస్కార్ట్ లేకుండా గచ్చిబౌలి నుంచి మెహిదీపట్నం దాకా తొక్కాలి. ఆ తర్వాత ఫైలు పరిధి గురించి మాట్లాడాలి.

మా నాన్న మా ఊరి మున్సిపాలిటీకి సైకిల్ పన్ను కట్టేవారు. ఏటా ఒక బిళ్ళ ఇచ్చేవారు, హ్యాండిల్‌కు కట్టుకోవాలి. చీకటి పడ్డాక డైనమో లైటు లేకపోతే పోలీసు ఆపేవాడు. సైకిల్ కూడా రోడ్డు మీద ఒక బండేనని అప్పుడు ప్రభుత్వం ఒప్పుకుంది. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేసేటప్పుడు గానీ, ఫ్లైఓవర్ కట్టేటప్పుడు గానీ మేం ఎవరి లెక్కలోకీ రావడం లేదు.

మనది సైకిళ్ళకు పేరుపడ్డ నెదర్లాండ్స్ కాదు కదా అని స్టాఫ్‌రూమ్‌లో అంటారు. ఆ దేశంలోనూ 1971లో రోడ్ల మీద 3,300 మంది చనిపోయారు, 400 మందికి పైగా పిల్లలే. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి గొడవ చేశాకే అక్కడ రోడ్లు మారాయి. అంత దూరం ఎందుకు, సైకిళ్ళకు అనువుగా రోడ్లను మార్చాలని 2020లో కేంద్రం నగరాల మధ్య పెట్టిన పోటీలో చివరికి ఎంపికైన 11 నగరాల్లో మన వరంగల్ ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 138వ సెక్షన్‌లో మోటారు లేని బండ్ల కోసం, నడిచేవాళ్ళ కోసం నిబంధనలు చేసే అధికారం రాష్ట్రాలకు ఇచ్చారు. ఆ నిబంధనలు ఆరు నెలల్లో చేయాలని 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం ఉంది, కోర్టు ఆదేశం ఉంది. ఇంకేం కావాలి?

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఓఆర్‌ఆర్ ట్రాక్ నుంచి చుట్టుపక్కల బస్తీలకు, స్కూళ్ళకు, రాయదుర్గం మెట్రోకు సైకిల్ దారి కలపండి. రంగు గీత వద్దు, కారు ఎక్కలేనంత ఎత్తు గట్టు కట్టండి. మూసేసిన జంక్షన్ల దగ్గర సైకిళ్ళు, నడిచేవాళ్ళు నేరుగా దాటడానికి సిగ్నల్ పెట్టండి. స్కూళ్ళ ముందు వేగం 30 దాటకుండా చూడండి.

మీకూ ఒక విన్నపం. ఈసారి ఫొటోగ్రాఫర్‌ను ఆదివారం కాకుండా సోమవారం పొద్దున ఆరున్నరకు మా యూటర్న్ దగ్గరికి పంపండి, నేను అక్కడే ఉంటాను. పాలబ్బాయి సైకిల్ ఇంకా మా వాచ్‌మన్ గది పక్కనే ఉంది, వెనక చక్రం వంకరపోయి. దాని ఫొటో కూడా తీసుకోవచ్చు.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్,
మణికొండ, హైదరాబాద్