ఉచితమే గానీ, ఊరికే జరగడం లేదు

సంపాదకుడు గారికి నమస్కారం.

పిల్లల దగ్గరికని ఏటా అమెరికా వచ్చే తల్లిదండ్రులు మీ పాఠకుల్లో చాలామందే ఉంటారు. హ్యూస్టన్‌లో దిగినవాళ్లను మేం తిప్పే చోట్లు అందరికీ తెలిసినవే: నాసా అంతరిక్ష కేంద్రం, పెర్‌లాండ్ మీనాక్షి గుడి, గాల్వెస్టన్ సముద్రం. ఓపికుంటే న్యూ ఆర్లీన్స్. ఆ దారిలోనే, ఐ-10 రోడ్డు మీద మూడున్నర గంటల ప్రయాణంలో లూసియానా రాష్ట్రపు లఫాయెట్ అనే ఊరు తగులుతుంది. పెట్రోలు పోయించుకుని ముందుకు సాగిపోతుంటాం. అక్కడ ఆగమని చెప్పడానికీ, ఆగినప్పుడు ఎలా నడుచుకోవాలో చెప్పడానికీ ఈ లేఖ.

లఫాయెట్‌లో ఏడాదికి రెండు పెద్ద సంగీత ఉత్సవాలు జరుగుతాయి. ఏప్రిల్ చివర్లో ఊరి నడిబొడ్డున వీధుల్లో ఐదు రోజులు జరిగే ‘ఫెస్టివల్ ఇంటర్నేషనల్ డి లూసియాన్’ 1987లో మొదలైంది. ఆఫ్రికా, కెనడా, కరీబియన్ దీవుల నుంచి ఫ్రెంచి మాట్లాడే కళాకారులు స్థానిక బృందాలతో కలిసి అక్కడ పాడతారు. అక్టోబరులో జిరార్డ్ పార్కులో ‘ఫెస్టివల్స్ అకేడియన్స్ ఎ క్రియోల్’ ఉంటుంది. రెండింటికీ టికెట్ లేదు. న్యూ ఆర్లీన్స్‌లో కూడా జాజ్ అండ్ హెరిటేజ్ ఫౌండేషన్ వారు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పార్కులో అక్కడి జానపద సంగీతాలైన కేజన్, జైడికోల ఉత్సవాన్ని ఉచితంగానే నడుపుతారు.

ఉచితం అనగానే మనకు కాస్త చులకన. టికెట్ లేని కచేరీలో ఏముంటుందిలే అనుకుంటాం. ఈ సంగీతం అక్కడి జనానికి ఎలా దక్కిందో తెలిస్తే అలా అనుకోం.

1755లో కెనడా తూర్పు తీరం నుంచి బ్రిటిష్‌వాళ్లు తరిమేసిన ఫ్రెంచి రైతుల్లో కొందరు చివరికి లూసియానా చిత్తడి నేలలకు చేరారు. వారి సంతతే కేజన్లు. వారి పక్కనే ఫ్రెంచి మాట్లాడే నల్లజాతి క్రియోల్ జనం. ఫిడేలు, అకార్డియన్, ఇనుప త్రికోణం వాయిస్తూ కేజన్లు పాడుకున్నది ఒక తీరైతే, అదే నేల పాటకు బ్లూస్ కలిపి క్రియోల్ జనం తీర్చుకున్నది జైడికో. రంగును బట్టి మనుషులను విడదీసిన కాలంలోనూ పాట కొంతవరకు కలిపింది. 1929లోనే క్రియోల్ అకార్డియన్ వాద్యకారుడు అమెడే ఆర్డ్వాన్, తెల్లజాతి ఫిడేలు కళాకారుడు డెన్నిస్ మెక్‌గీ కలిసి రికార్డులిచ్చారు.

మరోవైపు 1921 నాటి లూసియానా రాష్ట్ర రాజ్యాంగం బడుల్లో ఇంగ్లిషు తప్ప మరో భాషలో బోధన లేకుండా చేసింది. ఫ్రెంచి మాట్లాడిన పిల్లలను పంతుళ్లు దండించారు. ఆ పిల్లలు పెద్దవాళ్లై తమ పిల్లలకు ఆ భాష నేర్పడమే మానేశారు. 1964లో కేజన్ ఫిడేలు కళాకారుడు డ్యూయీ బాల్ఫా తోటి కళాకారులతో కలిసి రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని న్యూపోర్ట్ జానపద ఉత్సవానికి బయల్దేరితే, ఆ ప్రాంతపు పత్రికే ఆ సంగీతాన్ని తక్కువ చేసి రాసింది. న్యూపోర్ట్‌లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అక్కడి నుంచి తిరిగొచ్చిన బాల్ఫా మిగిలిన జీవితమంతా సొంతవాళ్ల చేతనే తమ పాటకు విలువ కట్టించే పనిలో గడిపాడు. 1974 మార్చిలో లఫాయెట్‌లోని బ్లాకమ్ కొలిసియంలో జరిగిన కచేరీ ఆ శ్రమ ఫలితమే. ఇప్పుడు అక్టోబరులో జరుగుతున్న ఉత్సవానికి అదే పునాది. సిగ్గుపడమని నేర్పిన పాటను ఊరంతా వచ్చి వినాలంటే వాకిట్లో డబ్బులు అడక్కూడదు. ఉచితం వెనక ఉన్న ఆలోచన ఇదేనని నేను నమ్ముతున్నాను.

వేదిక దగ్గరికి వెళ్లి ఫ్రొట్వార్ వాయించేవాళ్లను చూడండి. ముడతల రేకును భుజాల మీద వేలాడే చొక్కాలా మలిచి, రెండు చేతుల్లో చెంచాలో సీసా మూతలు తీసేవో పట్టుకుని పైకీ కిందికీ గీస్తారు. టెక్సస్‌లోని పోర్ట్ ఆర్థర్ రిఫైనరీలో పనిచేసే రోజుల్లో క్లిఫ్టన్ షెనియే 1946లో విల్లీ లాండ్రీ అనే లోహపు పనివాడితో చేయించుకున్న రూపం అది. ఆ షెనియే తర్వాత జైడికో రాజుగా పేరుపొందాడు, గ్రామీ అందుకున్నాడు. రేకు దరువు మొదలైతే ముందు వరుసలో ముసలి దంపతులు లేస్తారు, వాళ్ల వెనకే చంటిపిల్లల్ని ఎత్తుకున్న తండ్రులూ. మీకు అడుగులు రాకపోయినా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని నేర్పుతారు.

ఇక ఖర్చు సంగతి. వేదికలకు, మైకులకు, కళాకారులకు డబ్బు ఎక్కడినుంచో రావాలి. దాతలు కొంత ఇస్తారు, స్వచ్ఛంద కార్యకర్తలు ఒళ్లు వంచుతారు. మిగిలిందానిలో పెద్ద భాగం అక్కడ అమ్మే తిండి, పానీయాలు, ఏటా కొత్తగా వేసే, చొక్కాకు పెట్టుకునే ఉత్సవ పిన్నుల మీద రావాలి. ఇంటినుంచి తిండి, పానీయాలు నింపుకుని ఐస్ పెట్టెలు తేవద్దని వాళ్లు కోరేది అందుకే. మనకు పులిహోర కట్టుకుని బయల్దేరే అలవాటుంది. దారిలో తినండి, తప్పు లేదు. ఉత్సవంలో మాత్రం అక్కడే కొనండి. రొయ్యలు, జంబలాయా అనే మాంసపు అన్నం, అన్నం కలిపి కూరిన బూడాన్ సాసేజ్ అన్నీ బాగుంటాయి. శాకాహారులకు కాస్త కష్టమే, గుంబో అనే చిక్కటి పులుసులో కూడా మాంసం ఉంటుంది, అడిగి తీసుకోవాలి. నిమ్మరసం తాగినా, ఒక పిన్ను కొన్నా మీ వంతు మీరు ఇచ్చినట్టే. పొద్దంతా పాట విని, ఒక్క డాలరూ ఖర్చు కాలేదని సంబరంగా చెప్పుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇంకో మాట. నాట్యం చేసే చోట కుర్చీలు పరచకండి. శనివారం ఉదయం లఫాయెట్‌కు దగ్గర్లోని యూనిస్ ఊళ్లో ఉన్న సావోయ్ మ్యూజిక్ సెంటర్‌కు వెళ్తే అక్కడ వాద్యాల దుకాణంలోనే ఊరివాళ్లు చుట్టూ కూర్చుని వాయిస్తుంటారు. అది ప్రదర్శన కాదు, వాళ్ల కాలక్షేపం. ఫోను మొహం మీద పెట్టకుండా పక్కన నిలబడి వినాలి. చేతిలో తినడానికేదైనా పట్టుకెళ్తే సంతోషిస్తారు.

మీ ప్రవాస పుటలో సినీతారల కార్యక్రమాల ప్రకటనలు బోలెడు వేస్తున్నారు. ఏటా మార్చిలో, సెప్టెంబరులో ఈ ఉత్సవాల తేదీలను కూడా ఒక మూల ప్రచురించాలనీ, ఐస్ పెట్టెల సంగతి అందులోనే ఒక వాక్యంలో చేర్చాలనీ కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, హ్యూస్టన్, టెక్సస్